హిరణ్యకశిపుడికి టూవూంబాలో చావు లేదు

ఈ ఉగాదికి మన తెలుగు సంఘం కల్చరల్ సబ్‌కమిటీ చరిత్రాత్మకమైన తీర్మానం ఒకటి చేసింది. జటాయువు వేషానికి ముక్కు కుదరడం లేదు కాబట్టి ముక్కును కెనడా నుంచి దిగుమతి చేసుకుందామని. (ఆస్ట్రేలియాలోని మన టూవూంబాలో ఉగాది ఆకులు రాలే కాలంలో వస్తుంది. కోయిల ఊసెత్తకండి. అయినా పంచాంగ శ్రవణంలో వసంత వర్ణన ఆపం.)

ఈ ఆలోచన ఎక్కడినుంచి వచ్చిందంటే, ఎవరో వాట్సాప్‌లో ఒక వీడియో పంపారు. పెద్ద చెక్క ఇంట్లో నెగడు మండుతోంది. ఒంటినిండా చెట్టునార వేలాడేసుకున్న మనుషులు, నెత్తిన కొయ్యతో చెక్కిన పక్షి తలలు. ఒక్కో ముక్కు బారెడు. తాడు లాగితే పై ముక్కూ కింది ముక్కూ టకటకా కొట్టుకుంటాయి. ఆడేవాడు గొంతుక్కూచుని, తల ఇటూ అటూ విసురుతూ, చటుక్కున లేస్తాడు. "అంకుల్, ఇది మన జటాయువుకి పెట్టేద్దాం, ఫ్యూజన్ అదిరిపోద్ది" అని ఒక తమ్ముడు రాశాడు. కింద బొటనవేళ్ళ వాన కురిసింది.

తమ్ముణ్ణి అనడానికేం లేదు. ముక్కు చూశాడు, ముచ్చటపడ్డాడు. ముక్కు ఎవరిదని అడగడం మన ఇంటావంటా లేదు.

ఎవరిదో నేను చెబుతాను. కెనడా పశ్చిమ తీరంలో, వాంకూవర్ దీవి ఉత్తరపు కొసన, దాని ఎదుట ఉన్న చిన్న దీవుల్లో క్వాక్వకవాక్వ జనం ఉంటారు. ఆ కాకి, ఆ కొంగలాంటి బారుముక్కు పక్షి, ఆ వంకరముక్కు పక్షి, మూడూ హమత్స అనే ఆటలోవి. మనుషుల్ని తినే ఒక భూతం కొలువులో ఉండే పక్షులు. కావాలని ఎవరు పడితే వాళ్ళు వాటిని నెత్తికెత్తుకోవడానికి లేదు. మొహం చెక్కించుకునే హక్కు ఒక ఇంటిది. దాన్ని పెట్టుకుని ఆడే హక్కు పెద్దల నుంచి రావాలి, లేదా పెళ్ళిలో పిల్లనిచ్చిన మామ నుంచి రావాలి. అవును, అక్కడ అల్లుడికి పేరు ముడుతుంది, పాట ముడుతుంది, ఆట ముడుతుంది. మనవాళ్ళ సంబంధాల్లో ఇక్కడి గ్లెన్‌వేల్‌లో నాలుగు పడగ్గదుల ఇంటికి డిపాజిట్టు ముడుతుంది గానీ పాట ముట్టిన దాఖలా నేను వినలేదు.

ఒక్కో ఇంటికీ ఒక కథ. ఫలానా మూలపురుషుడు పక్షిగానో, సముద్రపు జీవిగానో వచ్చి, ఆ తొడుగు తీసి పక్కన పెట్టి మనిషయ్యాడని. ఆ కథకు ఆ మొహం పట్టాదారు పాసుపుస్తకం. నా పాసుపుస్తకం పట్టుకుపోయి "ఫ్యూజన్" అంటూ మీరు స్టేజీ ఎక్కితే నేనేమంటానో మా ఊళ్ళో అందరికీ తెలుసు. ఆ పాసుపుస్తకం చెల్లడానికి సాక్షులు కావాలి. అందుకే పాట్లాచ్ అనే పెద్ద కూడిక. ఇంటివాళ్ళు కథ చెబుతారు, ఆట చూపిస్తారు, చూసి సాక్ష్యం నిలిచినందుకు వచ్చినవాళ్ళందరికీ కానుకలిస్తారు. ఎంత ఇస్తే అంత పరువు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి మన పద్ధతి తలుచుకుందాం. మన దగ్గర వచ్చినవాళ్ళే టికెట్టు కొంటారు. శాలువా అధ్యక్షుడికి, కప్పేది ఉపాధ్యక్షుడు. మరుసటేడు పాత్రలు తారుమారవుతాయి, శాలువా మాత్రం అదే.

కెనడా ప్రభుత్వానికి ఈ పంచిపెట్టే వ్యవహారం మింగుడు పడలేదు. ఉన్నదంతా ఇచ్చేసేవాణ్ణి నాగరికుడిగా మార్చడం కష్టమని 1885 నుంచి పాట్లాచ్‌ను నేరం చేసి కూచుంది. 1921 డిసెంబరులో విలేజ్ ఐలాండ్‌లో డాన్ క్రాన్మర్ అనే ఆయన ఒక పెద్ద పాట్లాచ్ పెట్టాడు. పడవలు, బిలియర్డ్సు బల్లలు, కుట్టుమిషన్లు, గ్రామఫోన్లు, పిండి బస్తాలు, ఏది దొరికితే అది పంచిపెట్టాడు. ఆదివాసుల మీద సర్కారు పెట్టిన 'ఇండియన్ ఏజెంటు' విలియం హాలిడేకి కబురందింది. 45 మందిపై కేసు పెట్టారు. నేరాలేమిటయ్యా అంటే: ఉపన్యాసం చెయ్యడం, నాట్యం చెయ్యడం, కానుకలు అందించడం.

ఈ మూడు నేరాలనూ ఒకే సాయంత్రం, ఒకే వేదిక మీద, మైకు వదలకుండా చేసే ముఠా నాకు తెలిసి ఇంకొకటి ఉంది. కార్యవర్గ సభ్యులు అన్యథా భావించవద్దు. ఆ నిషేధం 1951లో చట్టంలోంచి జారిపోయింది. ఉపన్యాసం సెక్షను ఒక్కటీ ఉంచి, దాన్ని మన సంఘాలకు వర్తింపజేసి ఉంటే బాగుండేది.

నవ్వు అక్కడితో సరి. మొహాలూ, గిలకలూ, రాగి పలకలూ అప్పగిస్తే జైలు తప్పిస్తామన్నారు. అప్పగించనివాళ్ళు, ఆడవాళ్ళతో సహా, ఓకల్లా జైలుకెళ్ళారు. అప్పగించిన సామగ్రిని హాలిడే దొర అలర్ట్ బే చర్చి హాల్లో పరిచి, టికెట్టు పెట్టి చూపించాడు. కొన్నింటిని న్యూయార్క్ నుంచి వచ్చిన జార్జ్ హై అనే సేకరణకర్త కొనుక్కుపోయాడు. మిగతావి ఒట్టావాకీ, టొరొంటోకీ చేరాయి. ఆ రోజుల్లో ఈ ఏజెంట్లందరి పైనున్న ఇండియన్ వ్యవహారాల శాఖను నడిపిన డంకన్ క్యాంప్‌బెల్ స్కాట్ ఆ దేశంలో పేరున్న కవి కూడాను. కవులకు ప్రభుత్వోద్యోగాలు ఇస్తే సంస్కృతి బాగుపడుతుందని మన సభల్లో చెప్పేవాళ్ళు ఈ సంగతి రాసిపెట్టుకోవాలి. ఆడితే జైలు అన్న సర్కారే ఆ ఆట సామాన్లను అద్దాల బీరువాల్లో పెట్టి, పైన దీపం వేసి, కింద చీటీ అంటించింది. మొహం ముద్దు, మనిషి వద్దు.

ఆ జనం ఊరుకోలేదు. దశాబ్దాల తరబడి అడిగారు. ఇస్తాం గానీ ముందు మీరొక మ్యూజియం కట్టుకోండని షరతు పెట్టారు. తమ ఇంట్లో వస్తువు తిరిగి తమ ఇంటికి రావడానికి మ్యూజియం! సరేనని కేప్ మజ్‌లో 1979లో ఒకటి, అలర్ట్ బేలో 1980లో ఉమిస్త అనే ఇంకొకటి కట్టారు. ఉమిస్తలో ఆ పాట్లాచ్ మొహాల ముందు అద్దం ఉండదు. అన్నేళ్ళు బీరువాల్లో బందీగా ఉన్నవాటిని మళ్ళీ బీరువాలో పెట్టబుద్ధి కాలేదు వాళ్ళకు. పారిస్‌లో ఆంద్రే బ్రెతాన్ అనే అధివాస్తవిక కవి ఇంట ఉన్న ఒక శిరోభూషణాన్ని ఆయన కూతురు 2003లో తెచ్చి అప్పగించింది. ఆ పని చెయ్యడానికి ఆవిడను ఏ కోర్టూ పిలవలేదు.

ఇంత తతంగానికి కెనడా సర్కారుకు చట్టం కావలసి వచ్చింది, ఏజెంటు కావలసి వచ్చింది, జైలు కావలసి వచ్చింది. మనకవేవీ అక్కర్లేకపోయింది. స్వచ్ఛందంగా, కమిటీ వేసుకుని, నిమ్మకాయ నీళ్ళు తాగుతూ మన మొహాన్ని మనమే వదిలేసుకునే పని పూర్తి చేసుకున్నాం.

కెనడా ముక్కు కోసం వెతికే తెలుగువాడికి సొంత మొహం లేదా? ఉంది. తంజావూరు పక్కన మేలట్టూరు అనే పల్లెలో ఉంది. నాయక రాజుల కాలంలో తెలుగు దేశం నుంచి వెళ్ళిన కుటుంబాలు స్థిరపడ్డ ఊరు. అచ్యుతప్ప నాయకుడు 510 ఇళ్ళవారికి భూములిచ్చాడని అక్కడ చెప్పుకుంటారు. ఆ ఊరి వెంకటరామ శాస్త్రి రాసిన ప్రహ్లాద చరిత్రమును నృసింహ జయంతికి వరదరాజ పెరుమాళ్ కోవెల ముందు ఇప్పటికీ తెలుగులోనే ఆడతారు. చుట్టూ ఉన్న బజారు తమిళం, రంగం మీద తెలుగు. మొదట ఒక పిల్లవాడు ఏనుగు మొహం పెట్టుకుని వినాయకుడై వచ్చి చిందు వేసి వెళతాడు. ఆ తరవాత రాత్రంతా దరువులు, సంవాదాలు. ఆడవేషాలు కూడా మగవాళ్ళవే.

ఇక నరసింహుడి మొహం. అది పూజలందుకునే మొహం, అలమరలో పడి ఉండే సరుకు కాదు. దాన్ని ధరించేవాడు ఆ రోజు ఉపవాసం ఉంటాడు. మొహం తలకెక్కిన తరవాత ఆయన్ని పక్కనుంచి మనుషులు గట్టిగా పట్టుకుని ఉంటారు. పట్టుకోకపోతే ఏం జరుగుతుందో అన్న భయం వాళ్ళకు నిజంగా ఉంటుంది. హిరణ్యకశిపుడి వేషగాడికి ఇంకా నిజంగా ఉంటుంది. తెల్లవారుజామున ఆ రెండు వేషాలూ ఎదురెదురుగా నిలిచినప్పుడు, కింద కూచున్న ముసలమ్మలు చెంపలేసుకుంటారు. సెల్ఫీ తీసుకోరు. (మేలట్టూరులో కూడా బృందం రెండుగా చీలింది. సంఘం చీలడమనే మన సంప్రదాయం ఒక్కటే దేశకాలాలకు అతీతంగా భద్రంగా ఉందని సంతోషించాలి.)

మన ప్రదర్శనకు వద్దాం. ముక్కు ప్రతిపాదన మూలపడ్డాక జటాయువును తీసేసి ప్రహ్లాదుణ్ణి పెట్టారు. నరసింహుడికి పిల్లల పుట్టినరోజు సామాన్ల దుకాణంలో సింహం మాస్కు దొరికింది. సింబా. పెద్ద కళ్ళు, గులాబీ రంగు నాలుక, వెనక ఎలాస్టిక్ దారం. ఉగ్రరూపం సంగతి దేవుడెరుగు, చూస్తే ఎత్తుకుని ముద్దాడాలనిపించేలా ఉన్నాడు స్వామి.

హిరణ్యకశిపుడు బ్రహ్మను అడిగిన వరాలు మీకు తెలుసు. పగలు గానీ రాత్రి గానీ, లోపల గానీ బయట గానీ, నేల మీద గానీ నింగిలో గానీ, మనిషి చేత గానీ మృగం చేత గానీ చావు రాకూడదు. వెర్రి రాక్షసుడు. టూవూంబాలో హాలు అద్దెకు తీసుకునే కాగితం చదివి ఉంటే అంత తపస్సు చెయ్యకుండానే చిరంజీవి అయ్యేవాడు.

సంధ్యవేళ చంపాలా? సంధ్యవేళకు మనం ఇంకా జ్యోతి ప్రజ్వలనలోనే ఉంటాం. ఆ జ్యోతి కూడా బ్యాటరీది, ఎందుకంటే అగరొత్తి వెలిగించినా పొగ అలారం మోగుతుంది, అలారం మోగితే ఫైరింజను వస్తుంది, ఫైరింజను వస్తే బిల్లు వస్తుంది. తొమ్మిదిన్నరకు హాలు ఖాళీ చెయ్యాలి. గడప మీద కూచోవాలా? గడప ఫైర్ ఎగ్జిట్, అడ్డంగా కుర్చీ వేసినా ఒప్పుకోరు, ఇక ఒళ్ళో రాక్షసుణ్ణి పెట్టుకున్న దేవుణ్ణి ఎలా ఒప్పుకుంటారు? స్తంభం చీల్చుకుని రావాలా? నేలకు మేకు కొట్టరాదు, కాబట్టి థర్మోకోల్ స్తంభాన్ని ఇద్దరు కుర్రాళ్ళు వెనక నుంచి పట్టుకుని నిలబడ్డారు. ఒకడికి ఫోనొచ్చి పక్కకెళితే స్తంభం స్వామి రాకముందే పడిపోయింది. స్వామి దాన్ని దాటుకుని, పంచె ఎగగట్టి వచ్చాడు.

అసలు చిక్కు వేరే. ప్రహ్లాదుడికి తొమ్మిదేళ్ళు. క్వీన్స్‌లాండ్‌లో పిల్లలతో పనిచేసే పెద్దవాళ్ళకు బ్లూ కార్డు కావాలి. నరసింహస్వామికి ఉందా అని ఎవరో అడిగారు. మంచి ప్రశ్నే, మంచి చట్టమే. కొడుక్కి విషం పెట్టి, కొండ మీంచి తోయించి, ఏనుగులతో తొక్కించబోయిన ఆ తండ్రిని ఈ చట్టం కృతయుగంలోనే పట్టుకుని ఉంటే దేవుడికి అవతారం ఎత్తే శ్రమ తప్పేది.

ఈ షరతుల్లో హాలువాళ్ళ తప్పు ఇసుమంత లేదు. వాళ్ళడిగింది మేకులు కొట్టొద్దని, పొగ పెట్టొద్దని, వేళకి వెళ్ళిపొమ్మని. హిరణ్యకశిపుణ్ణి బతికించమని వాళ్ళడగలేదు. అది పూర్తిగా మన సొంత కృషి. "హింస పిల్లలకి మంచిది కాదండీ, పాజిటివ్‌గా ముగిద్దాం" అని కమిటీలో ఒక మేడమ్ గారు సెలవిచ్చారు. పాజిటివ్‌గా ముగించారు. సింబా గోళ్ళు చూపించాడు. హిరణ్యకశిపుడు "సారీ" చెప్పాడు. ప్రహ్లాదుడు నాన్నను కావలించుకున్నాడు. వెనక సినిమా పాట. స్వామివారి చేతుల మీదుగా పాల్గొన్నవారందరికీ సర్టిఫికెట్లు. ఎవరూ చావని చోట అవతారం దేనికొచ్చినట్టో, అడిగినవాడికి బిర్యానీ కూపన్ దొరకలేదు.

అన్నట్టు, సభ ఎలా మొదలైందో చెప్పలేదు. మైకు పట్టిన అబ్బాయి జేబులోంచి కాగితం తీసి, ఈ నేల సంప్రదాయ యజమానులైన గియాబల్, జారోవైర్ జనాలకు వందనం చదివాడు. పేర్లు రెండూ తప్పు పలికాడు. అదే ఊపిరితో "తెల్ల టయోటా లైట్లు వెలుగుతున్నాయి" అన్నాడు. 1843లో మన టూవూంబా కొండ వాలులోనే మల్టగ్గెరా అనే యోధుడు సామాను బళ్ళను అడ్డగించి, తరుముకొచ్చిన దొరల మీదికి పైనుంచి బండలు దొర్లించి వెనక్కి తరిమాడు. 2019లో తెరిచిన బైపాస్‌లో 800 మీటర్ల వంతెనకు ఆయన పేరే పెట్టారు. బ్రిస్బేన్ విమానాశ్రయానికి పోయేటప్పుడల్లా మనం టోలును తిట్టుకుంటూ ఆయన మీదుగానే పోతున్నాం. ఆ పేరు ఎవరిదని మన గ్రూపులో ఎవరైనా అడిగారేమోనని పాత మెసేజీలన్నీ వెతికాను. టోలు తగ్గించుకునే చిట్కాలు మాత్రం చాలా దొరికాయి.

ఇదే రాష్ట్రంలో బిరూబి ఆర్ట్ అనే కంపెనీ బూమరాంగులూ డిడ్జరిడూలూ ఇండోనేషియాలో చేయించి, ఆదివాసుల చేతిపని అన్నట్టు అమ్మింది. 18,000 పైచిలుకు వస్తువులు. 2019లో ఫెడరల్ కోర్టు 23 లక్షల డాలర్ల జరిమానా వేసింది. కంపెనీ అప్పటికే దివాలా తీసి ఉంది, అది వేరే సంగతి. పరాయివాడి సంస్కృతికి నకలు అమ్మితే జరిమానా ఉంది. సొంత సంస్కృతికి నకలు తయారు చేసి సొంత పిల్లలకు అమ్మితే మెమెంటో ఉంది.

"మేం నకలు కాదండీ, ఒరిజినల్ పెడతాం" అనేవాళ్ళ ఇళ్ళకూ వెళ్ళాను. కొత్త ఇంట్లో టీవీ పక్క గోడ మీద చేర్యాల మాస్కులు జంటగా వేలాడతాయి. ఆయనకు మీసం, ఆవిడకు ముక్కుపుడక, ఇద్దరికీ కలువరేకుల్లాంటి కళ్ళు. చక్కని పనితనం. చేర్యాల నకాషీలు అసలు గీసింది గోడల కోసం కాదని మాత్రం ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. కథ చెప్పేవాళ్ళ కోసం గజాల కొద్దీ గుడ్డ మీద పటాలు గీశారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, చాకలివారికి మడేలు పురాణం, మాదిగలకు జాంబవ పురాణం. ఎవరి పురాణం వాళ్ళది, దాన్ని చెప్పే హక్కున్నవాళ్ళు వేరే. పద్మశాలీలకు కూనపులివారు, మాదిగలకు డక్కలివారు. సాక్షిగా కూచున్న కులం కథకుడికి ఇవ్వాల్సింది ఇచ్చేది. అలర్ట్ బే పెద్దలు చేర్యాల వచ్చి ఉంటే ఒక్క పూటలో అంతా అర్థమయ్యేది వాళ్ళకు. మనకు అర్థం కావడానికి ఇంకా కాలం ఉంది. కథ వినేవాళ్ళు కరువై, పటం అడిగేవాళ్ళు లేక, ఆ కుంచె మాస్కుల మీదికీ తాళంచెవి గుత్తుల మీదికీ దిగివచ్చింది. దాన్ని కొని "ఆర్టిస్టుల్ని ఆదుకుంటున్నాం" అంటున్నాం. ఏ ఆర్టిస్టుని అంటే, శిల్పారామంలో స్టాలాయన్ని.

ఆ మాస్కులు బ్రిస్బేన్‌లో దిగినప్పుడు ఏమైందో ఆ ఇంటాయన చెప్పాడు. కొబ్బరిచిప్ప, రంపప్పొట్టు, చింతగింజల జిగురు. మొక్కల సరుకంటే ప్రాణం లేచొచ్చే బయోసెక్యూరిటీ వాళ్ళకు ఒకే పెట్టెలో మూడు దొరికాయి. ఆఫీసరమ్మ తొడుగులు వేసుకుని మాస్కును తిరగేసింది. దేంతో చేశారంది. ఎవరు చేశారంది. ఎక్కడ చేశారంది. ఆయనకు మూడింటికీ జవాబు తెలియదు. హైదరాబాదులో బావమరిదికి ఫోన్ చేశాడు, ఆయన దుకాణానికి ఫోన్ చేశాడు. చివరికి ఆఫీసరమ్మ వేలితో అంచు మీద తట్టి చూసి, ఇందులో బతికున్నదేమైనా ఉందా అని అడిగిందట.

"ఏం లేదు మేడమ్, ఉత్త డెకరేషన్" అన్నాడట మనవాడు, హడలిపోయి. ముద్ర వేసి పంపించింది. ఆ ముద్ర కాగితం ఫ్రేము కట్టించి మాస్కు పక్కన పెట్టమని నేను సలహా ఇచ్చాను. మీరేదో వెటకారం చేస్తున్నారన్నాడు.

సర్వసభ్య సమావేశం వచ్చే నెలలో ఉంది. నా తరఫున ఒక సవరణ పంపాను. నామినేషన్ ఫారంలో పేరు, మొబైలు, టీషర్ట్ సైజు గళ్ళ కింద ఇంకొక గడి చేర్చాలి: నరసింహుడి మొహం పెట్టుకునే రోజు పొద్దుటి నుంచి ఆట ముగిసేదాకా పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టనని ఒప్పుకుంటారా, అవును లేక కాదు. రిహార్సల్ హాలు పక్కనే సమోసా స్టాలు ఉంటుందని కూడా ఫారంలో స్పష్టంగా రాయమన్నాను, రేపు మోసం చేశారనకుండా. కార్యదర్శి గారి దగ్గర్నుంచి జవాబు వచ్చింది. సవరణ బాగుందట. దాన్ని పరిశీలించడానికి ఒక సబ్‌కమిటీ వేశారట. మొదటి మీటింగు లంచ్‌తో.